పనికి అనుమతి ఇచ్చారు, బస్సుకు ఇవ్వలేదు

కరోనా లాక్‌డౌన్‌తో ఆగిన మెట్రో రైలు చెన్నైలో 2020 సెప్టెంబర్ 7న మళ్లీ నడిచింది. కిటికీలు తెరుచుకోని ఏసీ పెట్టెలు, అప్పట్లో గరిష్ఠ చార్జీ 70 రూపాయలు. ఊళ్లో అందరూ ఎలక్ట్రిక్ ట్రైన్ అని పిలిచే సబర్బన్ రైలుకు అప్పుడు కిటికీలు, తలుపులు తెరిచే ఉండేవి. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా టికెట్ 10 రూపాయలు. ఈ రైల్లో మామూలు జనాన్ని ఎక్కనివ్వడానికి డిసెంబర్ 23 దాకా పట్టింది. అదీ మగవాళ్లకు రద్దీ లేని వేళల్లోనే. గాలి ఆడని చోటే వైరస్ ఎక్కువగా పాకుతుందని అప్పటికే శాస్త్రవేత్తలు గట్టిగా చెబుతున్నారు. మరి ఏసీ రైలు ముందు, గాలాడే రైలు మూడున్నర నెలల తర్వాత ఎందుకు?

సబర్బన్‌లో జనం ఎక్కువ, అదుపు చేయడం కష్టం అన్నది అధికారుల జవాబు. అందులో నిజం ఉంది. కానీ జనం ఎక్కువగా ఉన్నారంటే, ఆ రైలు తప్ప వేరే దారి లేనివాళ్లు అంతమంది ఉన్నారని కూడా అర్థం. ఎక్కువమందికి అవసరమైన రైలును అన్నిటికంటే చివర తెరవడం ఏ రకంగా న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మార్చి 2020 నాటి లాక్‌డౌన్ గురించి కాదు నా అభ్యంతరం. అప్పుడు రైళ్లతోపాటు పనులూ ఆగిపోయాయి. ఆకలి అందరికీ ఒకేలా లేకపోయినా నిబంధన మాత్రం ఒకటే. అన్యాయం మొదలైంది పనులు తెరిచి, బస్సులు తెరవనప్పుడు. జులై 6 నుంచి చెన్నైలో దుకాణాలు, ఆఫీసులు పరిమిత సిబ్బందితో పనిచేయవచ్చన్నారు. నగర రవాణా సంస్థ ఎంటీసీ బస్సు మాత్రం సెప్టెంబర్ 1న గానీ కదల్లేదు. ఆ మధ్యలో దాదాపు రెండు నెలలు. కారో బైకో ఉన్నవాళ్లు డ్యూటీకి వెళ్లారు. లేనివాళ్లు ఆటోకు కూలిలో సగం పెట్టాలి, లేదంటే కూలే వదులుకోవాలి. అప్పుడు జిల్లా దాటాలంటే ఈ-పాస్ కావాలి, దాని దరఖాస్తులో వాహనం నంబరు అడిగేవారు. ప్రయాణం అంటేనే సొంత బండి అనుకుని రాసిన నిబంధన అది.

ఈ దెబ్బ ఎవరి మీద ఎక్కువ పడిందో చూడాలంటే పెరుంబాక్కం, కన్నగి నగర్, సెమ్మంజేరి వైపు వెళ్లాలి. కూవం, అడయార్ నదుల ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికిన వేల కుటుంబాలను ప్రభుత్వమే ఖాళీ చేయించి, ఊరి చివర ఈ కాలనీలకు తరలించింది. 2015 వరదల తర్వాత పెరుంబాక్కానికి ఇంకా ఎక్కువమందిని పంపారు. వాళ్లలో తరాల క్రితం చెన్నైకి వచ్చి, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుకునేవాళ్లూ ఉన్నారు. ఇళ్లు మారాయి గానీ పనులు మారలేదు. అడయార్‌లో, మైలాపూర్‌లో పాచిపని, టీ నగర్ షాపుల్లో తుడిచే పని, మార్కెట్లో మూటలు మోసే పని. ఇంతకుముందు నడిచి వెళ్లిన పనిచోటు ఇప్పుడు గంటకు పైగా బస్సు ప్రయాణం. అంత దూరం పంపినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన భరోసా బస్సే. అదే బస్సును ఆపేసినప్పుడు ఆ కుటుంబాలకు బదులుగా ఏమిచ్చారు? ఆ కాలనీల వైపు వెళ్లే పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద షేర్ ఆటో ఉంది కదా అనొచ్చు. ఆటోలో ఇద్దరినే ఎక్కించాలని నిబంధన పెడితే, మిగతా సీట్ల నష్టం ఆ ఇద్దరి దగ్గరే వసూలవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఒక బైక్ ఉన్నా అది మగవాళ్ల చేతిలో ఉంటుంది. పాచిపనికి వెళ్లే ఆవిడకు అది లేనట్టే.

బస్సులు వచ్చాక కూడా లెక్క తప్పింది. సగం సీట్లే నింపాలన్నారు, మంచిదే. కానీ ఒక్కో బస్సులో ఎక్కే జనాన్ని సగం చేస్తే, అంతే జనాన్ని చేర్చడానికి రెండు రెట్లు బస్సులు కావాలి. తిరిగింది మాత్రం మునుపటికంటే తక్కువ. ఫలితంగా బస్సు లోపల దూరం పాటించారు, స్టాపులో గుంపు పెరిగింది. వచ్చిన బస్సు ఆపకుండా పోతే తర్వాతిదాని కోసం అదే గుంపులో ఇంకో అరగంట. అంటే రద్దీని తగ్గించలేదు, బస్సులోంచి ఫుట్‌పాత్ మీదికి మార్చారు. రద్దీకి కారణం బస్సులు చాలకపోవడం. నిందంతా ప్రయాణికుల మీద పడింది, జరిమానా కూడా వాళ్లకే.

సబర్బన్ రైల్లో మగవాళ్ల సంగతి ఇలాంటిదే. ఆడవాళ్లకు డిసెంబర్ 14 నుంచే ఏ వేళలోనైనా వెళ్లే వీలిచ్చారు, అది సరైన నిర్ణయం. మగవాళ్లు మాత్రం ఉదయం 7 నుంచి 9:30 దాకా, సాయంత్రం 4:30 నుంచి 7 దాకా ఎక్కకూడదన్నారు. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట లైను మీద చెన్నైకి పనికి వచ్చే తాపీమేస్త్రీని తీసుకోండి. ఏడు కాకముందే రైలెక్కాలి, పని అయ్యాక ఏడు దాటేదాకా ఎక్కడో కూర్చోవాలి. ఆ గంటలకు కూలి ఎవరూ ఇవ్వరు. పనివేళలు కొంచెం అటూ ఇటూ మార్చమని యజమానులను, ఆఫీసులను ఆదేశించి ఉంటే రద్దీ దానంతట అదే పలచబడేది. యజమానికి చెప్పడం కష్టమనిపించి ప్రయాణికుడికి చెప్పారు.

2022 జనవరి 10 నుంచి రెండు డోసుల సర్టిఫికెట్ ఉంటేనే సబర్బన్ టికెట్ అన్నారు. టీకా అందరూ వేయించుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే రోజు కారు తీసి రోడ్డెక్కినవాళ్లను ఎవరూ ఆ కాగితం అడగలేదు.

బస్సు విలువ ప్రభుత్వానికి తెలియక ఇలా జరిగిందని అనలేం. 2021 మే 8 నుంచి సాధారణ చార్జీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చింది స్టాలిన్ ప్రభుత్వమే. పేద ఇంటి ఖర్చులో బస్సు చార్జీ ఎంత బరువో తెలిసి తీసుకున్న గొప్ప నిర్ణయం అది. రెండు రోజులకే, మే 10న, రెండో వేవ్ లాక్‌డౌన్‌తో బస్సులు ఆగాయి. చెన్నైలో మళ్లీ నడిచింది జూన్ 21న. ఆసుపత్రుల్లో మంచాలు దొరకని రోజులవి, ఆపడం తప్పని నేను అనను. అయితే అత్యవసర సిబ్బంది కోసం ఎంటీసీ ప్రత్యేక బస్సులు నడిపింది. నడపడం సాధ్యమేనని అక్కడే తేలిపోయింది. ఆ బస్సు ఎవరి కోసమన్న జాబితాలో ఇంటి పనివాళ్లకు, అడ్డా కూలీలకు చోటు లేకపోయింది.

ఇప్పుడు చెన్నైలో బస్సు, రైలు, మెట్రోలను కలిపి చూడడానికి కుమ్టా అనే సంస్థ ఉంది. చట్టం 2010లోనే వచ్చినా తొలి సమావేశం జరిగింది 2022 నవంబర్‌లో, ముఖ్యమంత్రి అధ్యక్షతన. మహమ్మారి కావచ్చు, వరద కావచ్చు, రవాణా ఆపాల్సిన పరిస్థితి మళ్లీ వస్తే ఏం చేయాలో ఆ సంస్థ ఇప్పుడే రాసి పెట్టాలి. పనిచోటు తెరిచే ఉత్తర్వు ఏ రోజు వస్తే బస్సు ఉత్తర్వూ అదే రోజు రావాలి. సీట్లు సగం చేస్తే ట్రిప్పులు పెంచాలి, అందుకయ్యే ఖర్చు ప్రభుత్వం భరించాలి. బస్సు నడపలేమంటే పనికి వెళ్లలేని రోజులకు కూలి ఇవ్వాలి. పెరుంబాక్కం, కన్నగి నగర్ లాంటి పునరావాస కాలనీల రూట్లను అన్నిటికంటే చివర ఆపి, అన్నిటికంటే ముందు తెరవాలి.