సవరణ: పేజీ తెరవగానే వీణ మోగడం గురించి

బొబ్బిలి వీణ పేజీకి ఆడియో పెట్టడం మీద మొన్న వచ్చిన పోస్టులో "జావాస్క్రిప్ట్‌లో ప్లే() కాల్ చేస్తే చాలు, పేజీ తెరవగానే మోగుతుంది" అని ఉంది. అది సరికాదు. 2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 66 నుంచి, చూసేవాళ్లు పేజీలో ఎక్కడా నొక్కకముందే శబ్దం మొదలుపెడితే బ్రౌజర్ చాలావరకు ఆపేస్తుంది. బస్సులో ఫోన్ తీసినవాళ్లకు అదే మేలు కూడా.

ప్లే() ఒక ప్రామిస్ ఇస్తుంది, అంటే పని అయిందో లేదో తర్వాత తెలియజేసే ఆబ్జెక్ట్. బ్రౌజర్ ఒప్పుకోకపోతే ఆ ప్రామిస్ రిజెక్ట్ అయి, అనుమతి లేదని చెప్పే నాట్‌అలౌడ్‌ఎర్రర్ వస్తుంది. దాన్ని క్యాచ్‌లో (ఎర్రర్ వస్తే నడిచే కోడ్‌లో) పట్టుకుని "వినండి" అనే బటన్ చూపించండి, ఆ క్లిక్‌లోనే మళ్లీ ప్లే() కాల్ చేయండి. మ్యూట్ చేసిన వీడియోకి మామూలుగా ఈ అడ్డు ఉండదు.

ఆడియోని పూర్తిగా ఆపడానికి స్టాప్() ఉందా అని విజయనగరం నుంచి అడిగిన తమ్ముడికి: స్టాప్() అనేది లేదమ్మా, పాజ్() చేసి కరెంట్‌టైమ్‌ని (ఆడియో ఎన్నో సెకనులో ఉందో చెప్పే విలువని) 0 చెయ్యి.