కాశీ నుంచి వచ్చిన ఇంజన్

మా ఇంట్లో ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. తాతయ్యా నాయనమ్మా కాశీకి బయల్దేరిన రోజున నరసాపురం స్టేషన్లో తీసింది. ముందు ట్రంకు పెట్టెలు, మరచెంబు, సాగనంపడానికి వచ్చిన సగం వీధి. వెనక సగం తెగిపోయిన డీజిల్ ఇంజన్. దాని నంబరులో 17 వరకే కనిపిస్తుంది. మిగతా మూడంకెలకు మావయ్య తల అడ్డం. అది ఏ సంవత్సరమన్నది ఇంట్లో ఇప్పటికీ తేలని తగాదా. దివిసీమ ఉప్పెన మరుసటి ఏడని అమ్మ, అంతకు ముందేనని మావయ్య.

తగాదా తీర్చే పెద్దమనిషి ఆ ఇంజనేనని ఈమధ్యే అర్థమైంది.

17తో మొదలయ్యే పాత డీజిళ్లు రెండు రకాలు. 17000 నుంచి 17099 దాకా అమెరికాలోని ఆల్కో కంపెనీ పంపిన వంద ఇంజన్లు, డబ్ల్యూడీఎం-1 రకం. వాటిది గుండ్రటి ముక్కుతో ఒళ్లంతా మూసేసిన పెట్టె ఆకారం. మా ఫోటోలో ఇంజన్ పక్కన సన్నటి నడవ, పట్టుకోవడానికి కమ్మీ స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి అది రెండో రకం, డబ్ల్యూడీఎం-2. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజరుకీ గూడ్సుకీ పనికొచ్చేదని. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. 112.8 టన్నుల బరువును ఆరు ఇరుసులు పంచుకుంటాయి, ఒక్కోదానిపై 18.8 టన్నులు. చక్రాల మధ్య ఎడం సమానంగా ఉండదు, పక్కనుంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఈ రకంలో మొదట వచ్చినవి 18 వేల వరుసవి. ఆల్కో నుంచి దిగిన తొలి బండి 18040. తర్వాత వారణాసిలో డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ పెట్టి, 1964 జనవరిలో మొదటి ఇంజన్ బయటకు తెచ్చారు. 18 వేల వరుస తర్వాత 17100కి, ఆ తర్వాత 16000కి వెనక్కి దిగారు. అందుకే నంబరు చిన్నదైతే ఇంజన్ పాతదన్న లెక్క ఇక్కడ తలకిందులవుతుంది, తెలియనివాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. ఇంతకీ మావాళ్లను కాశీ యాత్రకు పంపిన ఇంజన్ కాశీలో పుట్టిందే. నాయనమ్మకు ఈ సంగతి తెలిసుంటే చక్రాలకు కూడా కుంకుమ పెట్టేది.

డెల్టాలో రైలు ఫోటోకు తేదీ వెయ్యడానికి ఇంజన్ ఒక్కటే చాలదు, వెనక ఉన్న ఊరు కూడా సాక్ష్యం చెప్పాలి. రాజమండ్రి దగ్గర రైలు పట్టాల పైన రోడ్డు కనిపిస్తే 1974 తర్వాతిది. విల్లు లాంటి కమానులుంటే 1997 తర్వాతిది. 1900 నాటి హేవలాక్ వంతెన మీద రైలు పోతుంటే 1997కి ముందుదే, ఆ ఏడాదే దానికి విశ్రాంతి ఇచ్చారు. ఇంజన్ మీద దక్షిణ మధ్య రైల్వే గుర్తుంటే 1966 అక్టోబరు తర్వాతి రంగు, అప్పటిదాకా విజయవాడ డివిజన్ దక్షిణ రైల్వేలో ఉండేది. ఇక కోటిపల్లిలో 1980లో తీసిన డీజిల్ అంటూ ఎవరైనా ఫోటో చూపిస్తే నమ్మకండి. 1928లో వేసిన ఆ లైనును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు, మళ్లీ రైలు నడిచింది 2004లో. మధ్యలో అక్కడ పట్టాలే లేవు.

ఇంతవరకూ సరదా పనే. చిక్కు తర్వాత వస్తుంది. ఐదంకెలూ దొరికాయనుకుందాం, ఆ నంబరు గల ఇంజన్ ఇదేనని గట్టిగా చెప్పగలమా? ఇంజన్లను బాగుచేసే షెడ్డులో, చక్రాలను తిప్పే మోటారు చెడితే బాగుచేసేదాకా బండిని ఆపరు. మరో బండిలోంచి తీసి సిద్ధంగా ఉంచింది బిగిస్తారు. సిలిండర్లలోకి గాలిని ఒత్తి పంపే టర్బో అంతే, బోగీ (అంటే పెట్టె కాదు, ఇంజన్ కింద చక్రాలుండే చట్రం) అంతే. సగం వయసొచ్చాక కొన్నిటిని పటియాలాకు పంపి, 3100 హార్స్‌పవర్‌కు పెంచి, పాత నంబరు చివర ఆర్ అక్షరం తగిలించి వెనక్కి పంపారు. అప్పటికి కాశీలో పుట్టినప్పటి సరుకు ఎంత మిగిలిందో! మా ఊళ్లో పాత బియ్యం మిల్లు ఇంజన్ కథా ఇంతే. పిస్టన్లు మారాయి, హెడ్డు మారింది, ఫ్లైవీలు మాత్రం తాత పెట్టిందేనని ఓనరు గర్వంగా చెబుతాడు.

నా ఉద్దేశంలో డీజిల్ ఇంజన్ చరిత్ర ఇనుములో కంటే కాగితంలోనే ఎక్కువ ఉంది. ఏ రోజు ఏ షెడ్యూలు (వంతు ప్రకారం చేసే మరమ్మతు) చేశారు, ఏ భాగం ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ షెడ్డు నుంచి ఏ షెడ్డుకు బదిలీ చేశారు అన్నది రిజిస్టర్లు చెప్పాలి. మనం మాత్రం చరిత్ర అనగానే బొగ్గు ఇంజన్ తెచ్చి, అరుగు కట్టి, నల్లరంగు కొట్టి స్టేషన్ ముందు నిలబెడతాం. డీజిల్ పాతదని మనకింకా అనిపించడం లేదు, నిన్నమొన్నటి దాకా నల్లటి పొగ మన మొహాన కొట్టిందాయె. ప్రధాన మార్గానికి 1990ల్లో, భీమవరం, నరసాపురం వైపు ఈమధ్యే కరెంటు వచ్చింది. చాలా ఇంజన్లు టన్నుల లెక్కన తుక్కు వేలానికి పోయాయి. ఇంజన్ పోతే దాని రిజిస్టరు ఎవరికి కావాలి?

ఒకటి రెండు డీజిళ్లను నిలబెట్టినా మెచ్చుకోబుద్ధి కాదు. మెరిసే కొత్త రంగు దట్టంగా పూస్తారు. దాని కింద పాత షెడ్డు పేరు, ఆఖరి ఓవర్‌హాల్ తేదీ, ప్లేటు మీద అంకెలు పూడిపోతాయి. గుడి గోడ మీది శాసనానికి సున్నం కొట్టినట్టు. తుప్పు పట్టకుండా రంగు కావాల్సిందే, కానీ ముందు ఆ అక్షరాలను ఫోటో తీసి నంబరుతో సహా దాచడానికి ఒక పూట చాలు.

తొందర పడడానికి కారణముంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. విజయవాడ డివిజన్ ఫైళ్లు చేతులు మారాలి. ఆఫీసులు మారేటప్పుడు బీరువాల్లో మొదట ఖాళీ అయ్యేది అడుగు అర. ఆ అరలోని లోకో రిజిస్టర్లను తూకానికి వెయ్యకుండా, కనీసం స్కాన్ చేయించి ఏదైనా విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకు అప్పగించాలి. రిటైరైన డ్రైవర్లు, ఫిట్టర్లు నిడదవోలులోనూ భీమవరంలోనూ ఇంకా ఉన్నారు. రిజిస్టరు ఎదురుగా పెడితే, అందులో ఎక్కించని సంగతులు వాళ్లే చెబుతారు.

మా ఫోటో గొడవ మాత్రం తెగలేదు. మొన్న సంక్రాంతికి మావయ్యను అడిగాను, ఆ రోజు వెనక ఇంజన్ నంబరు చూశావా అని. ‘ఇంజన్‌దేముందిరా, కిటికీ పక్క సీటు దొరుకుతుందా లేదా అని నా టెన్షన్ నాది’ అన్నాడు.