అడవికి టికెట్ లేదు, మరి ఈ ఐదు డాలర్లు దేనికి?

సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద తూర్పుకు వెళ్తుంటే నార్త్ బెండ్ చుట్టుపక్కల వరసగా హైకింగ్ దారులు తగులుతాయి. రాటిల్‌స్నేక్ లెడ్జ్ దగ్గర కారు ఆపితే ఏ పాసూ అడగరు, ఆ చోటు సియాటిల్ నగర నీటి సరఫరా విభాగం చూసుకునేది. మౌంట్ సై దగ్గర ఆపితే వాషింగ్టన్ రాష్ట్రం వారి డిస్కవర్ పాస్ ఉండాలి. ఇంకాస్త పైకి, స్నోక్వాల్మీ కనుమ దగ్గరున్న స్నో లేక్‌కి వెళ్తే ఆ డిస్కవర్ పాస్ చెల్లదు, అక్కడ ఫెడరల్ ప్రభుత్వపు ఫారెస్ట్ సర్వీస్ వారి నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ కావాలి, రోజుకు అయిదు డాలర్లు. ఒకే రోడ్డు మీద మూడు ప్రభుత్వాలు, మూడు రూల్స్. సియాటిల్ శివార్లు రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లలో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎండాకాలం శుక్రవారం రాత్రి "రేపటికి ఏ పాస్ కావాలి?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

దానికి జవాబు అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. అసలు నేషనల్ ఫారెస్ట్‌లోకి అడుగు పెట్టడానికి డబ్బు ఎందుకు కట్టాలని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి చట్టం ప్రకారం కట్టక్కర్లేదు.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. నేషనల్ పార్క్, నేషనల్ ఫారెస్ట్ ఒకటి కావు. ఎల్లోస్టోన్, యోసెమిటీ లాంటి పార్కులు ఇంటీరియర్ శాఖ కింద ఉంటాయి, గేటు ఉంటుంది, గేటు దగ్గర ఫీజు ఉంటుంది. నేషనల్ ఫారెస్ట్‌లు వ్యవసాయ శాఖ కింద, 1905లో పుట్టిన ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటాయి. మొత్తం 154 అడవులు. గడ్డిభూములతో కలిపి 19 కోట్ల ఎకరాల పైమాటే. వీటిలో చాలా భాగానికి గేటూ లేదు, కంచే లేదు. కలప కొట్టుకోవచ్చు, పశువులు మేపుకోవచ్చు, వేటాడవచ్చు, అన్నిటికీ వేర్వేరు అనుమతులు ఉంటాయి. మనిషి ఊరికే నడిచి వెళ్లడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదన్నది మొదటినుంచీ ఉన్న పద్ధతి.

ఇండియాలో మన దగ్గర లెక్క తలకిందులుగా ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్లు చూడండి. అభయారణ్యంలోకి అనుమతి ఉన్నవాళ్లు తప్ప ఎవరూ పోకూడదన్నది అక్కడ మూల సూత్రం. సందర్శకుడికి పర్మిట్ ఇవ్వడం మినహాయింపు. నల్లమలలో రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు గేటు పడితే శ్రీశైలం రోడ్డు మీద కార్లు తెల్లారేదాకా ఆగిపోవడం చూసి పెరిగినవాళ్లం. అందుకే అమెరికా అడవిలో కూడా బోర్డు మీద ఫీజు అని కనిపిస్తే లోపలికి వెళ్లడానికే అనుకుని మారుమాట లేకుండా కట్టేస్తాం.

ఆ ఫీజు వెనక ఉన్నది 2004 డిసెంబర్‌లో వచ్చిన చట్టం. ప్రభుత్వ భూముల్లో వినోద ఫీజులు ఎక్కడ వసూలు చేయొచ్చో, ఎక్కడ చేయకూడదో చెప్పేది అదే. మామూలు రోజువారీ ఫీజు పెట్టాలంటే ఆ చోట ఆరు సదుపాయాలు ఉండాలి: పార్కింగ్, శాశ్వతమైన మరుగుదొడ్డి, చెత్త డబ్బా, సమాచార బోర్డు, పిక్నిక్ బల్లలు, భద్రతా ఏర్పాట్లు. కేవలం పార్కింగ్‌కి ఫీజు తీసుకోకూడదు. సదుపాయాలు ఏవీ వాడకుండా అడవి గుండా నడిచిపోయేవాళ్ల దగ్గర తీసుకోకూడదు. రోడ్డు పక్కన ఆగి లోయను చూసేవాళ్ల దగ్గరా తీసుకోకూడదు. పదహారేళ్ల లోపు పిల్లలకు అసలే లేదు. ఇంత స్పష్టంగా రాసి ఉంది.

రాసి ఉన్నా అమలు వేరేలా జరిగింది. అరిజోనాలో టూసాన్ దగ్గర మౌంట్ లెమ్మన్ మీదికి వెళ్లే రోడ్డు మొత్తాన్నీ ఒకే 'ఫీజు ప్రాంతం'గా లెక్కగట్టి, అక్కడ కారు ఆపి నడకకు వెళ్లినా డబ్బు కట్టాలన్నారు. ఎక్కడో ఒక చోట మరుగుదొడ్డి ఉంది, ఇంకో చోట బల్ల ఉంది, అన్నీ కలిపితే ఆరు సదుపాయాలు ఉన్నట్టే కదా అన్నది వాదన. నలుగురు స్థానికులు కోర్టుకు వెళ్లారు. 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనను కొట్టేసింది. కారు ఆపి, ఏ సదుపాయమూ వాడకుండా నడిచి వెళ్లేవాడి దగ్గర ఫీజు అడిగే అధికారం ఫారెస్ట్ సర్వీస్‌కు లేదంది. దక్షిణ కాలిఫోర్నియాలోని నాలుగు అడవుల్లో అమ్ముతున్న అడ్వెంచర్ పాస్ మీద కూడా 2014లో అక్కడి ఫెడరల్ కోర్టు ఇదే మాట చెప్పింది. బోర్డుల మీద భాష మాత్రం పెద్దగా మారలేదు. 'పాస్ తప్పనిసరి' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎవరికి తప్పనిసరి కాదో ఉండదు. నాకు ఇది నిజాయితీగా అనిపించదు.

అలాగని ఫారెస్ట్ సర్వీస్‌ను విలన్‌ని చేయడం కూడా తప్పే. డబ్బు ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. 1995లో ఆ సంస్థ బడ్జెట్‌లో కార్చిచ్చులకు పోయింది 16 శాతం. 2015కి అది సగం దాటింది. ఆ మేరకు దారులు బాగు చేసేవాళ్లు, రేంజర్లు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు తగ్గుతూ వచ్చారు. నిర్వహణకు డబ్బు చాలకే 1996లోనే ప్రయోగాత్మకంగా ఫీజులు మొదలుపెట్టారు. వసూలైన డబ్బులో మామూలుగా 80 శాతం అదే చోట ఖర్చు పెట్టాలని 2004 చట్టం చెప్పింది, అది మంచి నియమం. దీనికి తోడు 2025 ఫిబ్రవరిలో ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగులను వేల సంఖ్యలో తీసేశారు. తర్వాత కొంతమందిని వెనక్కి పిలిచినా ఆ వేసవిలో కొన్ని ట్రెయిల్‌హెడ్‌ల దగ్గర, అంటే నడక దారులు మొదలయ్యే చోట్ల, చెత్త పేరుకుపోయింది. స్నో లేక్ దగ్గర మరుగుదొడ్డి వాడినవాడు అయిదు డాలర్లు ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు. వారం వారం వెళ్లేవాళ్లకు ఏడాదికి ముప్పై డాలర్ల పాస్ చవకే. అమెరికా పార్లమెంటు కాంగ్రెస్ ఇవ్వాల్సిన డబ్బును నడిచేవాడి జేబులోంచి తీసి, దాన్ని ప్రవేశ రుసుములా చూపించడమే నా అభ్యంతరం.

ఇంతవరకూ పాస్ సంగతి. పర్మిట్ సంగతి వేరు, ఈ రెండూ కలిపేయడం వల్లే చర్చ దారి తప్పుతోంది. పాస్ సదుపాయానికి కట్టే ధర. పర్మిట్ ఎంతమంది వెళ్లొచ్చో చెప్పే హద్దు. మౌంట్ విట్నీ తీసుకోండి. అలాస్కాను పక్కన పెడితే దేశంలో ఎత్తయిన శిఖరం, 14,505 అడుగులు, కాలిఫోర్నియాలోని ఇన్యో నేషనల్ ఫారెస్ట్ వైపు నుంచి ఎక్కుతారు. మే 1 నుంచి నవంబర్ 1 దాకా రోజుకు వందమంది ఒక్కరోజు హైకర్లు, అరవైమంది రాత్రి బస చేసేవాళ్లు, అంతే. ఆ ఎత్తులో మట్టి తక్కువ, మనిషి మలం కుళ్లడానికి ఏళ్లు పడుతుంది, అందుకే తమది తామే సంచిలో మోసుకుని దిగాలి. హద్దు పెట్టకపోతే ఆ కొండ ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు. హద్దులను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సరిపోవడం లేదని కూడా అంటాను: వాషింగ్టన్‌లోని ఎన్‌చాంట్‌మెంట్స్ సరస్సుల దగ్గర రాత్రి ఉండటానికి మే 15 నుంచి అక్టోబర్ 31 దాకా పర్మిట్ల సంఖ్యకు కోటా ఉంది, ఒక్కరోజులో దాటేసేవాళ్లకు కోటా లేదు. వాళ్లు ట్రెయిల్‌హెడ్ దగ్గర ఉచిత ఫారం నింపుకుని వెళ్లిపోతారు. దాంతో రాత్రి పర్మిట్ల కోసం తీసే లాటరీలో పేరు రానివాళ్లంతా తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి దాదాపు ఇరవై మైళ్లు ఒకే రోజులో పరుగెడుతున్నారు.

ఇక ఆ లాటరీ. ఎన్‌చాంట్‌మెంట్స్‌కి ఫిబ్రవరి మధ్యలో ప్రభుత్వ బుకింగ్ సైట్ రిక్రియేషన్.గవ్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, ఆరు డాలర్లు. రాకపోతే ఆ ఆరు వెనక్కి రావు. నడిమి ప్రాంతానికి రాత్రి పర్మిట్ దొరికేవాళ్లు అతి కొద్దిమంది. విట్నీ లాటరీకీ అంతే, ఆరు డాలర్లు, వచ్చినా రాకపోయినా. ఈ సైట్‌ను నడిపేది బూజ్ అలెన్ హామిల్టన్ అనే ప్రైవేటు కంపెనీ, ప్రభుత్వంతో కాంట్రాక్టు మీద. లావాదేవీల సంఖ్యను బట్టి దానికి డబ్బు ముడుతుంది. అంటే జనం ఎంత ఎక్కువగా ఆశపడితే, ఎంత ఎక్కువమందికి రాకపోతే, అంత ఆదాయం. కొండను కాపాడటానికి పెట్టిన హద్దు ఇంకొకరికి వ్యాపారమైపోయింది. సీటు రానివాడి దగ్గర కూడా టికెట్ డబ్బు ఉంచేసుకునే బస్సును మనం ఎక్కడైనా ఒప్పుకుంటామా? గెలిచినవాళ్ల దగ్గర పన్నెండో, ఇరవయ్యో తీసుకోండి, ఓడినవాళ్లకు వెనక్కి ఇవ్వండి. సాంకేతికంగా ఇందులో కష్టమేమీ లేదు. ఉత్తుత్తి దరఖాస్తులు పెరుగుతాయని సంస్థలు అంటాయి. ఒకరికి ఒకటే దరఖాస్తు అనే నియమం ఎలాగూ ఉంది, దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు.

ఈ విషయంలో లాస్ వేగాస్ దగ్గర రెడ్ రాక్ కాన్యన్ కేసు గుర్తుంచుకోదగ్గది. అది ఫారెస్ట్ సర్వీస్‌ది కాదు, ఇంకో ఫెడరల్ సంస్థది, అయినా చట్టం అదే. అక్కడ రిజర్వేషన్ మీద వేసిన రెండు డాలర్ల ప్రాసెసింగ్ ఫీజును ఒక సందర్శకుడు సవాలు చేశాడు. ప్రజల అభిప్రాయం తీసుకోకుండా ఆ ఫీజు పెట్టడం చట్టవిరుద్ధమని నెవాడా ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. రెండే రెండు డాలర్ల మీద కోర్టుకెక్కిన ఆ మనిషి ఓపికకు దండం పెట్టాలి.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల విషయానికి వద్దాం, ఎందుకంటే ఈ ఏడాది మన ఇళ్లలో లెక్కలు మారాయి. 2026 జనవరి 1 నుంచి, ఫెడరల్ పార్కులకూ అడవులకూ పనికొచ్చే వార్షిక పాస్ దేశవాసులకు 80 డాలర్లు, బయటి దేశాలవాళ్లకు 250. గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, జయన్ లాంటి పదకొండు పెద్ద పార్కుల్లో వార్షిక పాస్ లేని బయటి దేశాలవాళ్లు మామూలు ఫీజు మీద మనిషికి ఇంకో వంద కట్టాలి. 62 దాటినవాళ్లకు 80 డాలర్లకే జీవితకాలపు సీనియర్ పాస్ ఉంది, 2017 ఆగస్టు దాకా అది పదే డాలర్లు. అయితే పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే ఇస్తారు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు రాదు. ఆ అదనపు వంద నేషనల్ ఫారెస్ట్‌లకు లేదన్నది మాత్రం చాలామందికి తెలియదు. యూటా రాష్ట్రంలో బ్రైస్ కాన్యన్ పార్కుకు వెళ్లే 12వ నంబరు రోడ్డు మీద, పార్కు గేటుకు ముందే, డిక్సీ నేషనల్ ఫారెస్ట్‌లో రెడ్ కాన్యన్ వస్తుంది. అవే ఎర్ర రాతి స్తంభాలు, రోడ్డు పక్కనే. గేటు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే సుఖం అని నా అభిప్రాయం.

వనభోజనాల సంగతి కూడా చెప్పాలి. తెలుగు సంఘాలు ఎక్కువగా కౌంటీ పార్కుల్లో షెల్టర్లు బుక్ చేసుకుంటాయి. నేషనల్ ఫారెస్ట్‌లో పెట్టుకోవాలంటే 75 మంది గానీ అంతకు మించి గానీ ఉంటే గుంపు పర్మిట్ కావాలి, కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. అయితే సంఘం మనిషికి పది డాలర్లు టికెట్ పెట్టిందంటే అది వాణిజ్య కార్యక్రమం కిందికి వెళ్తుంది. అప్పుడు ఫీజు, బీమా వగైరా అన్నీ మొదలవుతాయి. పులిహోర ఇళ్లనుంచి తెచ్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పర్మిట్ కూడా ఉచితం.

కొత్త ఫీజు ప్రాంతం పెట్టాలంటే ఆరు నెలల ముందే ప్రభుత్వ గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటించాలి, ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలి. ఆ అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అడగరు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లూ రాయొచ్చు. అడవి పేరు, ట్రెయిల్‌హెడ్ పేరు, ఆరు సదుపాయాల్లో అక్కడ ఏది లేదో రాసి పంపడానికి పావుగంట చాలు. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు ఆ లింకును గ్రూపులో పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నదే ఇప్పుడు నా సందేహం.