కందెనవోలు మాహాత్మ్యం

ఊరి పేరుకు అర్థం తెలియనివారే కర్నూలు కచేరీలను లంచగొండి కచేరీలని నిందిస్తారని నా దృఢాభిప్రాయం. తుంగభద్ర ఆవలి ఒడ్డున అలంపురంలో గుడులు కడుతున్న రోజుల్లో, రాళ్ల బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగేవని, గాండ్లవారు వాటి ఇరుసులకు కందెన పెట్టేవారని, అందుకే ఈ చోటు కందెనవోలై, జనం నోళ్లలో నలిగి కందనవోలై, చివరకు కర్నూలైందని పెద్దలు చెబుతారు. రాజుల పేర్లూ దేవుళ్ల పేర్లూ పెట్టుకున్న ఊళ్లు కోకొల్లలు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో రంగరించి బండి కింద గొట్టంలో వేలాడదీసుకునే నల్లటి జిడ్డును పేరుగా ధరించడానికి మాత్రం ఎంతో వినయం ఉండాలి.

ఈ కథలో మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది: రాళ్లు అలంపురం వెళ్లాయి, జిడ్డు మనకు మిగిలింది. ఆంధ్ర రాష్ట్ర రాజధాని అనే బండి కూడా 1953 అక్టోబరు 1న ఇక్కడే ఆగి, మూడేళ్లు కందెన పెట్టించుకుని, 1956 నవంబరు 1న హైదరాబాదుకు సాగిపోయింది. న్యాయ రాజధాని బండికి 2020లో చట్టం చేసి మరుసటి ఏడే వెనక్కి తీసుకున్నారు కనుక, దానికి ఇరుసు బిగించే దాకానైనా రాలేదు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమంటారు. పొలం కాగితం కోసం ఆరు నెలలుగా ఒక కచేరీ చుట్టూ తిరుగుతున్న నేను ఆ సంగీతాన్ని ప్రతి సోమవారమూ వింటున్నాను. గుమాస్తాగారు ఇనుప బీరువా తలుపును జానెడు లాగుతారు, అది కీచుమంటుంది, ఆయన నిట్టూర్చి మళ్లీ నెట్టేస్తారు. పోయిన వారం నా వంక అదోలా చూసి, "బిగుసుకపోయింది సార్, కొంచెం కందెన పడాల" అన్నారు.

ఊరి చరిత్ర మీద గౌరవం ఉన్నవాణ్ణి కాబట్టి, మరునాడే ఆముదం సీసా, కోడి ఈక పట్టుకెళ్లి మడతబందులన్నిటికీ నా చేతులతోనే పూశాను. గుమాస్తాగారు సీసా వంకా, నా జేబు వంకా మార్చి మార్చి చూశారే తప్ప పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడా తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది, అంతే మెత్తగా మూసుకుంటుంది. నా కాగితం లోపలే ఉంది.