భుజంలో తిష్ఠ వేసిన కాల్షియం గడ్డ గారికి

అయ్యా గడ్డ గారూ,

తమరు ఎందుకు దిగారో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. 30 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్ల భుజమంటే, అందులోనూ ఆడవాళ్లదైతే, తమరికి మరీ ఇష్టం. చెయ్యి పైకెత్తడానికి పనికొచ్చే సుప్రాస్పైనేటస్ టెండన్‌లో (కండరాన్ని ఎముకకి కట్టిపడేసే తాడు లెండి) చోటు చూసుకుని చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. పాలు మానేస్తే తమరు కరిగిపోతారని నమ్మేవాళ్లు బోలెడు మంది, తినే కాల్షియానికీ తమరికీ సంబంధం లేదంటే ఒప్పుకోరు.

రాయిలా గట్టిగా ఉన్నన్నాళ్లూ తమరు పెద్దగా బాధపెట్టరు, కొందరికైతే వేరే పని మీద ఎక్స్‌రే తీయిస్తే గానీ తమరున్న సంగతే తెలియదు. తీరా ఒళ్లే పూనుకుని తమర్ని కరిగించడం మొదలుపెట్టాక చూపిస్తారు ప్రతాపం! ఆ పక్కకి ఒత్తిగిలితే కేక, చొక్కా తొడుక్కోబోతే కళ్లలో నీళ్లు. పొమ్మంటే ఇంత రభసా?

తమరి గుట్టు మామూలు ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. ఎముక చాటున దాక్కుంటారేమోనని చెయ్యి లోపలికి తిప్పి ఒకటి, బయటికి తిప్పి ఒకటి తీస్తారు. అంచులు గీసినట్టుంటే ఇంకా మకాం ఎత్తే ఉద్దేశం లేదని, చెదిరి మసగ్గా ఉంటే కరుగుతున్నారని. ఇంత తేలిగ్గా దొరికే తమరు ఎమ్మారైలో మాత్రం నల్లగా మారి, అసలే నల్లగా కనిపించే టెండన్‌లో కలిసిపోయి తప్పించుకోగలరు. అయినా జనానికి మిషన్ ఎంత పెద్దదైతే అంత నమ్మకం. (టెండన్ చిరిగిందేమోనని అనుమానం ఉంటే అది వేరే సంగతి లెండి.)

అల్ట్రాసౌండ్ ముందు తమరి ఆటలు సాగవు. గట్టిగా ఉంటే వెనక నల్లటి నీడ, మెత్తబడితే ఆ నీడా ఉండదు. తెర మీద చూస్తూనే చర్మానికి మత్తిచ్చి, సూదిని తమరి నడిమధ్యకి దించి, సెలైన్ కొట్టి ప్లంజర్ వదిలేస్తే, సిరంజిలోకి పలచటి టూత్‌పేస్ట్‌లా తిరిగొస్తారు. మళ్లీ కొట్టడం, మళ్లీ రావడం. రాత్రిళ్లు నిద్ర లేకుండా చేసిన మొనగాడు కాసేపటికి సిరంజి అడుగున మడ్డిలా పేరుకుంటాడు. పోతూ పోతూ కూడా కొన్నాళ్లు నొప్పి రేపే అలవాటు తమరికి ఉంది కాబట్టి చివర్లో టెండన్ మీద మెత్తలా ఉండే పలచటి సంచిలో, అదే బర్సాలో, స్టెరాయిడ్ ఇస్తారు. సూదికి లొంగకపోతే బయటి నుంచి తరంగాలతో కొట్టే షాక్‌వేవ్, దానికీ లొంగకపోతే చిన్న గాటులోంచి కెమెరా దించి చేసే ఆపరేషన్, ఆర్థ్రోస్కోపీ.

చాలాసార్లు ఎవరూ ముట్టుకోకుండానే తమరు వెళ్లిపోతారట, అందుకే ముందు మాత్రలు, వ్యాయామాలతో ఆగి చూద్దామంటారు. ఆగుతాం. కాస్త తొందరగా తేల్చండి.

ఇట్లు,
కుడిచెయ్యి లేవక ఎడమ చేత్తో టైపు చేస్తున్న
తమరి ఇంటి ఓనరు