చెక్కల గోడౌన్ కాదండీ, హేయిన్సా

కార్తీక వనభోజనాల నుంచి బస్సులు తిరిగొచ్చిన రాత్రే కొరియాలోని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. "నాలుగు గంటలు బస్సులో కూర్చోబెట్టి చెక్కల గోడౌన్ చూపించారు." దాని కింద బోలెడన్ని నవ్వు బొమ్మలు. తెల్లారేసరికి కమిటీ కూడా తగ్గిపోయి, వచ్చే ఏడు సియోల్ దగ్గరే ఏదైనా రిసార్టు చూద్దామని రాసింది. మెసేజ్ కంటే ఆ నవ్వు బొమ్మలకే నా మనసు చివుక్కుమంది.

ఆ గోడౌన్ సంగతి చెప్తాను. దక్షిణ కొరియాలోని గాయాసాన్ కొండల్లో 802లో వెలసిన బౌద్ధ గుడి హేయిన్సా. అక్కడున్న అచ్చు చెక్కలు 81 వేల పైచిలుకు. 1232లో మంగోలుల దాడిలో పాత చెక్కలన్నీ కాలిపోతే, అప్పటి కొరియా రాజ్యమైన కొర్యో వాళ్ళు ఒకపక్క యుద్ధం నడుస్తుండగానే బౌద్ధ గ్రంథాలన్నిటినీ మళ్ళీ మొదటినుంచీ చెక్కించి 1251కి పూర్తిచేశారు. రెండు వైపులా అక్షరాలు, అవీ తిరగేసి చెక్కినవి. వాటిని దాచిన భవనాలు 15వ శతాబ్దానివి. ముందు గోడకు కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనక గోడకు సరిగ్గా తలకిందులు. గాలి లోపలికొచ్చి ఒక చుట్టు తిరిగి బయటికి పోతుంది. నేల కింద బొగ్గు, ఉప్పు, సున్నం, బంకమన్ను. తేమ ఎక్కువైతే అదే పీల్చుకుంటుంది, తగ్గితే అదే వదులుతుంది. మనలో చాలామందిమి ల్యాబుల్లో తేమ కాస్త అటూ ఇటూ అయితే టెన్షన్ పడిపోయి మెయిల్ మీద మెయిల్ కొట్టేవాళ్ళం. మనకైనా ఇది ఆశ్చర్యం కాకపోతే ఎలా?

కొరియా యుద్ధం రోజుల్లో, 1951లో ఈ కొండల్లో గెరిల్లాలు దాక్కున్నారని బాంబులు వెయ్యమంటే, కిమ్ యంగ్ హ్వాన్ అనే వైమానిక దళ అధికారి గుడి మీద వెయ్యనని తన విమానాలను పక్కకు తిప్పేశాడు. ఆయన కాపాడిన చెక్కల్లో మన బౌద్ధాచార్యుడు నాగార్జునుడి గ్రంథం మాధ్యమిక కారికలు కూడా ఉన్నాయి, చైనా భాషలో. ఈ గుడి సంప్రదాయానికి మూలం అవతంసక సూత్రం అనే బౌద్ధ గ్రంథం. అందులో సుధనుడనే కుర్రవాడు గురువుల్ని వెతుక్కుంటూ బయల్దేరేది ధాన్యాకరం నుంచి. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతేనని చాలామంది పండితుల మాట. బస్సులో అంతాక్షరి ఆపి ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే పిల్లలు ఆ కిటికీ చువ్వల దగ్గర ఇంకో నిమిషం నిలబడేవాళ్ళేమో.

మా అత్తగారు అమరావతి దగ్గర పల్లెటూరి మనిషి. మొన్నామధ్య ఇక్కడికొచ్చినప్పుడు హేయిన్సాకి తీసుకెళ్ళాను. మెట్లెక్కలేక విసుక్కుంటూనే ఎక్కారు. సాయంత్రం భేరి వేళకు మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టింది ఆవిడే. మనిషికంటే పెద్ద భేరి. దాని ముందు ఒక యువ భిక్షువు, పొడుగు చేతుల అంగీ వెనక్కి ఎగురుతుండగా రెండు కర్రలతో వాయిస్తున్నాడు. చెయ్యి నొప్పెట్టేవేళకు ఇంకొకతను పక్కన చేరాడు. దరువు ఒక్క క్షణం కూడా ఆగకుండా కర్రలు ఆ చేతుల్లోంచి ఈ చేతుల్లోకి మారాయి. తర్వాత చేప ఆకారంలో తొలిచిన కొయ్య, మేఘంలాంటి కంచుపలక, చివర్న గంట. భేరి జంతువులకు, కొయ్యచేప నీళ్ళలో బతికేవాటికి, కంచుపలక పక్షులకు, గంట నరకంలో ఉన్నవాళ్ళకు అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "మనం చీమలకని బియ్యప్పిండితో ముగ్గేస్తాం, వీళ్ళు చేపలకు చప్పుడు పెడుతున్నారు, అంతేగా?" అని చెంపలేసుకున్నారు. ఆవిడకు నేను ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు.

మన బస్సులు మాత్రం భేరికి ముందే కదిలిపోయాయి. టాంబోలాకి గంటన్నర, గుడికి ముప్పావు గంట!

కమిటీ కష్టం నాకు తెలియంది కాదు. చంటిపిల్లలు, బస్సుల అద్దె, ఆలస్యంగా వచ్చి అందర్నీ ఆపేసే మహానుభావులు. కింద హోంగ్న్యుదోంగ్ లోయలో ఎర్రబారిన ఆకుల మధ్య డబ్బా మూత తీసి తిన్న పులిహోరను ఎవరేమన్నా వదులుకోను. ఉల్లి, వెల్లుల్లి లేవు కాబట్టి గుడికి పనికొస్తుందని ఒకాయన ధీమాగా అన్నారు. అక్కడి భిక్షువులు విడిచిపెట్టే ఐదు ఘాటు దినుసుల్లో ఇంగువ కూడా ఒకటని ఆయనకు తెలీదు పాపం. అదేం పెద్ద విషయం కాదు, లోయలోనే తిన్నాం. సింహద్వారం దాకా మోగుతూ వచ్చిన ఆ బ్లూటూత్ స్పీకర్‌ని మాత్రం క్షమించలేను. మన ఊళ్ళో కూడా గుళ్ళో మైకులు హోరెత్తుతాయిగా అంటారు. నిజమే, అక్కడా నాకు నచ్చదు.

భవనం లోపలికి రానివ్వలేదని కొందరి ఫిర్యాదు. ముందుగా పేర్లు ఇచ్చినవాళ్ళను వారాంతాల్లో చిన్న గుంపులుగా లోపలికి తీసుకెళ్ళడం 2021లోనే మొదలుపెట్టారు. మనవాళ్ళెవరూ అడిగి కూడా చూడలేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. రిసార్టు ఆలోచన పక్కన పెట్టండి. వచ్చే కార్తీకంలో ఒక రాత్రి గుడిలోనే బస చేద్దాం. టెంపుల్ స్టే పేరుతో వాళ్ళే చోటిస్తారు. సాయంత్రం భేరి, తెల్లవారుజామున గంట, రెండూ పిల్లలు వినాలి. బస్సులో నాగార్జునుడి గురించి అరగంట నేను చెప్తాను, బోరు కొడితే ఆపెయ్యమనండి. పేర్లు రాయించే పని, గుడివాళ్ళకు ఫోన్లు చేసే పని కూడా నాకే వదిలెయ్యండి. సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఎత్తబోతున్నాను. ఆ రోజు నాతోపాటు చెయ్యెత్తేవాళ్ళు నలుగురు ఉంటే చాలు.