మీ నాన్న కూలి ఎక్కడ రాసావురా?

మొన్న పాలకొల్లులో ఓ పెళ్లికెళ్లా. భోజనాల దగ్గర మా బావ తగిలాడు, రొయ్యల చెరువుల్లో నాలుగు పట్టుబడులు బాగా కలిసొచ్చి మంచి ఊపు మీదున్నాడు లెండి. మాటల్లో మా కామర్స్ మాస్టారి పేరొస్తే ఓ నవ్వు నవ్వి "జన్మలో కిళ్లీ కొట్టు కూడా పెట్టనోడు ఎంబీఏ పిల్లలకి బిజినెస్ ఏం చెప్తాడ్రా" అన్నాడు. పక్కన నలుగురూ నవ్వారు. పెళ్లిలో గొడవెందుకని నేనూ నవ్వేసా. ఇంటికొచ్చాక ఆ నవ్వే గుచ్చుకుంటా ఉంది, అందుకే ఇది రాస్తన్నా. పొడుగ్గా ఉంటది, ఓపికున్నోళ్లు చదవండి.

ముందు మా చదువు సంగతి చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ 1957లోనే పెట్టారు, అహ్మదాబాదు, కలకత్తా ఐఐఎంలు వచ్చింది 1961లో. అంటే మన వైపు ఈ చదువు కొత్తదేం కాదు. కానీ మా దాకా వచ్చేసరికి ఎలా ఉందంటే, ఐసెట్ రాయడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని చేరిపోవడం, కోట్లర్ మార్కెటింగ్ పుస్తకంలో అమెరికా కంపెనీల ఉదాహరణలు బట్టీ కొట్టడం. అమ్మేది కొబ్బరికాయలూ ధాన్యమూ అయితే చదివేది డిటర్జెంట్ పౌడర్ గురించి. మా మాస్టారు మాత్రం సెమిస్టర్ మొదట్లో ఆ పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద ఓ 200 పేజీల నోటుబుక్కు పెట్టి, "ముందు ఇది నింపండి, తర్వాత అది చదువుదాం" అనేవారు. నోటుబుక్కులో రాయాల్సింది ఎవరింటి లెక్క వాళ్లు.

నేను మా నాన్న సార్వా వరి, అంటే వానాకాలం పంట, లెక్క రాసుకెళ్లా. 2010 పంట అది. ఎకరానికి 28 బస్తాలు అయ్యింది, క్వింటాలుకి మద్దతు ధర 1,000 కాబట్టి 75 కేజీల బస్తా 750 చొప్పున 21,000. దమ్ము, విత్తనం, ఊడ్పులు (నాట్లు), ఎరువులు, కలుపు, కోత, నూర్పు, అన్నీ కలిపి చేతి నుంచి పెట్టింది 16,000. లాభం 5,000 అని కింద రెండు గీతలు కూడా గీసా, గొప్పగా. మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని చూసి "మీ నాన్న కూలి ఎక్కడ రాసావురా?" అన్నారు. మా పొలమే కదండీ అన్నా. "పొలం మీది, ఒళ్లు ఎవరిది?" అన్నారు. ఆకుమడి దగ్గర్నుంచి కుప్పకి కాపలా దాకా ఆయన ఎన్ని రోజులు వెళ్లాడో ఇంటికెళ్లి అడగమన్నారు. నాన్న వేళ్ల మీద లెక్కేసి ఎకరానికి ఓ 30 రోజులుంటదిరా అన్నాడు. రోజుకి 200 వేస్తే 6,000. 5,000 లాభం కాస్తా 1,000 నష్టం అయ్యి కూర్చుంది. ఆ కాగితం నాన్నకి చూపిస్తే ఏమీ అన్లేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని చెరువు గట్టు వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సార్వాకే, అంటే 2011లో, కోనసీమలో క్రాప్ హాలిడే ప్రకటించారు గుర్తుందా? గిట్టుబాటు లేదు, కూలీలు దొరకట్లేదు, మురుగు కాలవలు బాగుచెయ్యరు, మేం ఊడ్చం అని వేలమంది రైతులు చేలు బీడు పెట్టేసారు. కాటన్ దొర ఆనకట్ట కట్టి నీళ్లు పారించిన నేల మీద, ఎదురుగా కాలవ నిండుగా పారతా ఉంటే ఊడ్చకపోవడం ఏంటి, రాజకీయం కాకపోతేనూ అని టీ కొట్టు దగ్గర అందరూ ఒకటే ఎటకారం. మాస్టారు ఆ రోజు క్లాసులో షట్‌డౌన్ పాయింట్ చెప్పారు. వచ్చే డబ్బు, పంట వేస్తే పెట్టాల్సిన ఖర్చుకి కూడా చాలకపోతే ఆపేసుకోవడమే నయం, ఫ్యాక్టరీ అయినా చేను అయినా అంతే. మరి చాలుతుందా లేదా అని అడిగితే, నా లెక్కే బోర్డు మీద వేసారు. నాన్న కూలి వెయ్యకపోతే 5,000 మిగుల్తుంది కాబట్టి ఊడ్చాలి, వేస్తే 1,000 పోతుంది కాబట్టి ఊడ్చక్కర్లేదు. అంతా ఆ ఒక్క గీత దగ్గరే ఉంది. క్లాసంతా నిశ్శబ్దం, సగం మందివి రైతుల ఇళ్లే మరి. ఆయ్, కిళ్లీ కొట్టు పెట్టలేదు ఆయన, ఒప్పుకుంటా.

2018 బడ్జెట్‌లో మద్దతు ధర ఖర్చుకి ఒకటిన్నర రెట్లు ఇస్తాం అన్నప్పుడు టీవీల్లో ఏ2, ఎఫ్ఎల్, సీ2 అని కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఏ2 అంటే చేతి నుంచి పెట్టింది, ఎఫ్ఎల్ అంటే ఇంట్లో వాళ్ల కష్టం, సీ2 అంటే సొంత పొలం కౌలు, సొంత డబ్బుకి వడ్డీ కూడా కలిపేది. గవర్నమెంట్ ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ మీద ఇస్తానంది, రైతు సంఘాలు సీ2 మీద ఇమ్మన్నాయి. పెద్ద పెద్ద యాంకర్లు తడబడ్డ ఆ తేడా మేం ఎప్పుడో నోటుబుక్కుల్లో రాసేసాం.

ఇప్పుడు అసలు నా మంట. ఇంత చేసిన మనిషి అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు. 2010లో యూజీసీ వాళ్లు ప్రమోషన్లకి ఏపీఐ స్కోర్లని పెట్టారు, పేపర్‌కి ఇన్ని పాయింట్లు, సెమినార్‌కి ఇన్ని పాయింట్లు. దాంతో జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి, డబ్బు కట్టు, వారంలో వేస్తాం అని మెయిళ్లు. వేయించుకున్నోళ్లు పైకెళ్లారు. చివరికి 2018 మేలో యూజీసీయే తను ఒప్పుకున్న జర్నళ్ల లిస్టులోంచి 4,305 జర్నళ్లు పీకేసింది, మరి వాటితో పైకెళ్లినోళ్లు మాత్రం కిందకి రాలేదు! మాస్టారి పేపర్లు మూడో నాలుగో అంతే. మా నోటుబుక్కులు, ఏటా ఓ అరవై, ఇరవై ఏళ్లు వేసుకోండి, డెల్టా ఇళ్ల లెక్కలు అన్నీ ఆయన పెరటి గదిలో ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి, చెదలు పట్టకుండా వేపాకు వేసి పెడతారు. వాటికి పాయింట్లు లేవు.

ఇంకోటి కూడా చెప్పేస్తా. ఈ చుట్టుపక్కలే ఓ ప్రైవేటు కాలేజీ, పేరెందుకు, ఇన్‌స్పెక్షన్ రోజున ప్రొఫెసర్ అని ఐడీ కార్డు మెళ్లో వేసుకుని ఓ పూట కూర్చోమని, కవరిస్తామని ఈయన్నే అడిగారు. ఆయన ఆ కుర్రాడికి మజ్జిగిచ్చి పంపేసారు. తిట్టలేదు కూడా, ఆయనలో నాకు నచ్చనిది అదే. నేనైతే...

అలాగని ఆయనేం దేవుడు కాదు. మార్కులు చాలా పిసినారిగా వేసేవారు, నా ఫ్రెండుకి ఒక్క మార్కులో ఫస్ట్ క్లాసు పోయింది, వాడిప్పటికీ ఆయన పేరెత్తితే లేచిపోతాడు. కంప్యూటర్ దగ్గరకి రమ్మంటే వచ్చేవారు కాదు, ఎక్సెల్ మేమే బయట నేర్చుకున్నాం.

నాకిప్పుడు భీమవరం రోడ్లో రొయ్యల మేత షాపు. మా బావ లాంటోళ్లు పట్టుబడి దాకా అరువు పెట్టుకుని, చివర్లో కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలన్నది) రాలేదనో రేటు పడిపోయిందనో నాకే కథలు చెప్తారు, అది వేరే పోస్టు. మార్చి లెక్కలయ్యాక ఆ పేపరు తీసుకుని మాస్టారి దగ్గరకెళ్లా, ఊరికే, చూపించాలనిపించి. అరుగు మీద కూర్చుని, అదే కళ్లజోడు పైకి తోసుకుని, అద్దె, కరెంటు, హమాలీ, వడ్డీ అన్నీ వేలితో దిగుతా వచ్చి కింద ఆగారు.

"మధ్యాహ్నం పూట కౌంటర్లో మా కోడలు కూర్చుంటుంది కదా, ఆ జీతం ఎక్కడ్రా?"

రాత్రి షాపు కట్టేసాక కూర్చుని వేసా. లాభం సగానికి వచ్చింది. ఆ పేపరు మా ఆవిడకి ఇంకా చూపించలేదు.